ప్రైవేటు విశ్వవిద్యాలయములలో విద్యార్థి జీవనము

ప్రతి సంవత్సరము పండ్రెండవ తరగతి పరీక్షా ఫలితములు వెలువడిన పిదప మన సోగత్తూరు ప్రాంతపు తల్లిదండ్రులు ఉపాధ్యాయుల యిండ్లకు సలహా కొరకు వచ్చుట పరిపాటి. గత సంవత్సరము అట్లే ఒక తండ్రి రంగురంగుల ప్రాస్పెక్టసు నొకదానిని చేతబట్టుకొని మా యింటికి వచ్చెను. అందు మిన్నుముట్టు భవనములు, పచ్చిక బయళ్లు, నవ్వుచు నడచిపోవు విద్యార్థుల చిత్రములు కలవు. ఆయన దానిని బల్లపై నుంచి, “అయ్యవారూ, మా పాప దీంట్లోనే చేరతానని పట్టు పట్టింది. మామిడితోపు అమ్మితే నాలుగేండ్ల ఫీజు కట్టేస్తాను. కానీ ఇది నిజంగా యూనివర్సిటీయేనా? అక్కడ పిల్లలు ఎట్లా బతుకుతారు?” అని యడిగెను.

ఆ రెండు ప్రశ్నలును చిన్నవిగా కనిపించినను, వానికి వెంటనే సమాధానము చెప్పుటకు నాకు సాధ్యము కాలేదు. తాతలనాటి తోపు ఒక ప్రక్కను, బిడ్డ భవిష్యత్తు మరియొక ప్రక్కను ఉన్నప్పుడు నోటికి వచ్చినది చెప్పుట ఉపాధ్యాయునకు తగదు. అందువలన కొన్ని దినములు విచారించి, తెలిసికొన్న సంగతులను మన పాఠశాల విద్యార్థులకును వారి తల్లిదండ్రులకును ఉపయోగపడునట్లు ఈ వ్యాసమున క్రమముగా వివరించుచున్నాను.

ప్రైవేటు విశ్వవిద్యాలయ మనగా నేమి?

మన దేశమున పట్టము నొసగు నధికారము ఎల్ల విద్యాసంస్థలకును లేదు. 1956వ సంవత్సరపు యు.జి.సి. చట్టము 22వ విభాగము ప్రకారము మూడు విధములైన సంస్థలు మాత్రమే పట్టము లీయగలవు. పార్లమెంటు గాని రాష్ట్ర శాసనసభ గాని చేసిన చట్టముచే నేర్పడిన విశ్వవిద్యాలయములు మొదటి విధము. అదే చట్టము 3వ విభాగము క్రింద కేంద్ర ప్రభుత్వముచే విశ్వవిద్యాలయములతో సమానముగా పరిగణింపబడిన సంస్థలు రెండవ విధము. వీనినే ‘డీమ్డ్’ విశ్వవిద్యాలయములని లోకము వ్యవహరించుచున్నది. పార్లమెంటు ప్రత్యేకముగా అధికార మిచ్చిన సంస్థలు మూడవ విధము.

మనకు వినవచ్చు పేరుగల ప్రైవేటు సంస్థలలో పెక్కులు రెండవ విధమునకు చెందినవి. రాజస్థానమునందలి పిలానీ బిట్స్ సంస్థ 1964లో ఈ హోదాను పొందెను. కృష్ణగిరి, వాణియంబాడి, ఆంబూరుల మీదుగా మన జిల్లానుండి పోవు రాజమార్గమున నున్న వేలూరులో 1984లో ఒక ఇంజనీరింగు కళాశాలగా ప్రారంభమైన వి.ఐ.టి. 2001లో ఈ హోదా నందుకొనెను. విశాఖపట్టణమున 1980లో స్థాపింపబడిన గీతం సంస్థకు 2007లో ఇది లభించెను. పుట్టపర్తిలోని శ్రీ సత్యసాయి విద్యాసంస్థ 1981 నుండి ఈ వర్గమున నుండి, బోధనకు ఫీజు గైకొనకయే విద్య నేర్పుచున్నది. ప్రైవేటు అనినంతమాత్రమున ఖరీదైనదని యెంచరాదనుట కిది యొక నిదర్శనము.

ఇక శాసనసభ చట్టముచే నేర్పడు ప్రైవేటు విశ్వవిద్యాలయములు కలవు. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమున 2016లోను, తెలంగాణమున 2018లోను ఇందులకు చట్టములు చేయబడెను. అమరావతి ప్రాంతమున వి.ఐ.టి., ఎస్.ఆర్.ఎం. పేర్లతో నున్న విశ్వవిద్యాలయములు 2017లో తరగతులను ప్రారంభించినవి.

ఈ రెండింటినిగాక మన జిల్లాలో నున్నట్టి ప్రైవేటు ఇంజనీరింగు కళాశాలలు వేరు. వానిలో చదివినవారికి పట్టము నిచ్చునది అణ్ణా విశ్వవిద్యాలయము. పాఠ్యక్రమమును, పరీక్షను నిర్ణయించు నధికారము సామాన్యముగా అచ్చటనే యుండును. ప్రైవేటు విశ్వవిద్యాలయమో, తన పాఠ్యక్రమమును తానే కూర్చుకొనును. తన ప్రశ్నపత్రమును తానే వ్రాయును. తన పట్టమును తానే యిచ్చును. దానికి గల స్వేచ్ఛయు, దానివలని ప్రమాదమును ఇందే యున్నవి.

ఆ ప్రమాద మెట్టిదో తెలుపుటకు ఒక వృత్తాంతము చాలును. 2002లో ఛత్తీస్‌గఢ్ రాష్ట్రము ఒక చట్టము చేసి, దాని క్రింద స్వల్పకాలములోనే నూటికి పైగా ప్రైవేటు విశ్వవిద్యాలయముల నేర్పడనిచ్చెను. వానిలో అనేకములకు భవనము గాని, గ్రంథాలయము గాని, అధ్యాపకులు గాని లేరు. ప్రసిద్ధ శాస్త్రవేత్త ఆచార్య యశ్‌పాల్ ఈ యన్యాయమును సుప్రీంకోర్టు దృష్టికి తీసికొనిపోగా, 2005 ఫిబ్రవరిలో న్యాయస్థానము ఆ చట్టమునందలి ముఖ్య విభాగములను కొట్టివేసెను. ఆ విశ్వవిద్యాలయము లన్నియు నొక్క తీర్పుతో మాసిపోయెను. వానిలో చేరిన విద్యార్థుల కొరకు వేరు ఏర్పాట్లు చేయవలసి వచ్చెను.

2009లో కేంద్ర ప్రభుత్వము నియమించిన టాండన్ సంఘము డీమ్డ్ సంస్థలను పరిశీలించి, వానిలో 44 ఆ హోదాకు తగవని తేల్చెను. ఆ వ్యవహారము సుప్రీంకోర్టున చాలకాలము నలిగెను. ఆ సంస్థలలో చదువుచున్న వారికి నిద్రలేని దినములు గడచెను. 2017లో సుప్రీంకోర్టు తీర్పు ననుసరించి, 123 డీమ్డ్ సంస్థలు తమ పేరు చివర ‘యూనివర్సిటీ’ అను మాటను వాడరాదని యు.జి.సి. ఆజ్ఞాపించెను. కావున ప్రాస్పెక్టసుపై నున్న పేరును జూచి గాక, పేరు వెనుకనున్న చట్టమును జూచి నిర్ణయించుట వివేకము.

అణ్ణామలై నగరము: ఒక ప్రాచీన నిదర్శనము

ప్రైవేటు విశ్వవిద్యాలయము కొత్తగా పుట్టిన వింత యని కొందరు తలంతురు. అది సరికాదు. తమిళదేశమున 1929లోనే అట్టి దొకటి వెలసెను. చెట్టినాడు రాజా సర్ అణ్ణామలై చెట్టియారు 1920లో చిదంబరమున శ్రీ మీనాక్షీ కళాశాలను స్థాపించిరి. పిదప తమిళమునకును, సంస్కృతమునకును, సంగీతమునకును కళాశాలల నేర్పరచి, వాని నన్నింటిని 20 లక్షల రూపాయల విరాళముతో కూడ విశ్వవిద్యాలయ స్థాపనకై ప్రభుత్వమునకు అప్పగించిరి. శాసనసభ చట్టముచే అణ్ణామలై విశ్వవిద్యాలయ మేర్పడెను. గవర్నరు దానికి ఛాన్సలరు, స్థాపకుడు ప్రోఛాన్సలరు. ఆ పదవి వంశపారంపర్యముగా చాలకాలము సాగెను.

ఈ విశ్వవిద్యాలయమునకు రెండు లక్షణములు ముఖ్యమైనవి. ఊరూర కళాశాలలను చేర్చుకొనక ఒకే చోట బోధించుట మొదటిది. విద్యార్థులు అధ్యాపకులతో బాటు ఆ ప్రాంగణముననే నివసించుట రెండవది. పొలముల నడుమ ఒక విద్యానగరము వెలసి, ఉదయమున గ్రంథాలయము, సాయంకాలమున క్రీడాస్థలము, రాత్రి చర్చాసభ యను క్రమమున జీవితము నడచెను. నేటి ప్రైవేటు విశ్వవిద్యాలయములు ‘రెసిడెన్షియల్ క్యాంపస్’ అని చాటుకొను పద్ధతి ఇదియే.

తెలుగువారికిని ఆ ప్రాంగణముతో సంబంధము కలదు. తిరునెల్వేలి జిల్లా కల్లిడైకురిచ్చిలో తెలుగు కుటుంబమున జన్మించిన కె. ఏ. నీలకంఠశాస్త్రిగారు, చోళుల చరిత్రను వ్రాసి జగత్ప్రసిద్ధులగుటకు ముందు, ఆ చిదంబర కళాశాలకు ప్రిన్సిపాలుగా నుండిరి. రైట్ ఆనరబుల్ వి. ఎస్. శ్రీనివాసశాస్త్రిగారు 1935 నుండి 1940 వరకు వైస్‌ఛాన్సలరుగా నుండగా, ఆయన ఆంగ్లవాగ్ధాటి విద్యార్థులకు నిత్యపాఠమయ్యెను. ఆయన తరువాత ఆ పదవి నలంకరించినవారు ఆంధ్రులైన సర్ కూర్మా వెంకటరెడ్డి నాయుడుగారు. 1936లో తాత్కాలికముగా మద్రాసు గవర్నరు పదవిని, 1937లో కొన్ని నెలలు ప్రధానమంత్రి పదవిని నిర్వహించిన ఆ పెద్ద, 1942లో మరణించువరకు ఆ విశ్వవిద్యాలయమునకు సేవ చేసిరి.

ఆ ప్రాంగణము గదులలో పాఠములు వల్లించు చోటుగా మాత్రమే యుండలేదు. 1940 తరువాత వ్యాపించిన తమిళ ఇసై యుద్యమమునకు అణ్ణామలై చెట్టియారు అండయై నిలిచిరి. సంగీతసభలలో తెలుగు కృతులే ప్రధానముగా వినబడుచుండగా, తమిళుల చెవికి తమిళగీతము గూడ వినబడవలయునని వారు కోరిరి. మన త్యాగరాజస్వామి కృతులకు ఇది ద్వేషమని భావించి నొచ్చుకొన్న తెలుగువారు నాడు లేకపోలేదు. నాకు మాత్రము ఇందు వేరొక పాఠము కనిపించుచున్నది. తమ భాష తమ సభలో వినబడవలయునని కోరువాడు, ఆ కోరికకై సంగీత కళాశాలను నిలిపి, పాటలు కట్టించి, బహుమతు లిచ్చి, పని చేసి చూపెను. మనము మన భాష కొరకు ఆపాటి పని చేసితిమా యని ప్రశ్నించుకొనవలయును.

తరువాతి కాలమున తమిళ రాజకీయములలో ప్రసిద్ధికెక్కిన వి. ఆర్. నెడుంజెళియన్, కె. అన్బళగన్ ఈ విశ్వవిద్యాలయ విద్యార్థులే. 1965 జనవరి 27వ తేదీన హిందీ వ్యతిరేకోద్యమ సందర్భమున పోలీసు కాల్పులలో రాజేంద్రన్ అను విద్యార్థి ప్రాణములు గోల్పోయెను. పోయిన ప్రాణము తిరిగి రాదు. విద్యార్థుల యావేశము ఎంతటి త్యాగమునకు తెగించునో, ఎంతటి మూల్యమును చెల్లించునో ఈ సంఘటన నేటికిని జ్ఞప్తికి తెచ్చుచున్నది.

కాలక్రమమున విశ్వవిద్యాలయము పెరిగెను. ఇంజనీరింగు, వ్యవసాయము, వైద్యము వచ్చి చేరెను. 1979 నుండి దూరవిద్య దేశమంతట వ్యాపించెను. కాని అవసరమునకు మించిన సిబ్బందితో వ్యయము పెరిగి, ఆర్థికస్థితి దిగజారి, జీతము లిచ్చుటయే కష్టమయ్యెను. 2013లో తమిళనాడు ప్రభుత్వము కొత్త చట్టము చేసి దానిని తన యధీనమునకు తీసికొనెను. అది నేడు ప్రైవేటు విశ్వవిద్యాలయము కాదు. అయినను వైద్యవిద్యార్థులకు ఫీజులు ఇతర ప్రభుత్వ కళాశాలలకంటె మిక్కిలి అధికముగనే యుండుటచే, 2020–21లో వారు దీర్ఘకాలము ఆందోళన సల్పిరి. తుదకు ప్రభుత్వము ఆ వైద్యకళాశాలను ఆరోగ్యశాఖకు చేర్చి ఫీజును తగ్గించెను. దాతృత్వము ఎంత గొప్పదైనను లెక్క సరిగా లేనిచో విద్యాలయము నిలువదనుటకు ఇంతకంటె వేరు నిదర్శన మక్కరలేదు.

చదువు సాగు విధము

నేటి ప్రైవేటు విశ్వవిద్యాలయమున చేరిన విద్యార్థి మొట్టమొదట ‘క్రెడిటు’ అను మాటను వినును. వారమునకు ఒక గంట ఉపన్యాసము సెమిస్టరు పొడవున జరిగినచో ఒక క్రెడిటు. ప్రయోగశాలలో నైనచో సామాన్యముగా రెండు గంటలకు ఒకటి. నిర్ణీత సంఖ్యగల క్రెడిట్లను కూడబెట్టుకొన్నవానికి పట్టము లభించును. 2015 నుండి యు.జి.సి. ఈ పద్ధతిని దేశమంతట ప్రోత్సహించుచున్నది.

మన పాఠశాలలో కాలపట్టికను ప్రధానోపాధ్యాయుడు వ్రాసి గోడకు తగిలించును. కొన్ని ప్రైవేటు విశ్వవిద్యాలయములలో విద్యార్థియే దానిని వ్రాసికొనవలయును. ఉదాహరణకు వేలూరు వి.ఐ.టి.లో ఏ పాఠమును, ఏ సమయమున, ఏ అధ్యాపకునివద్ద చదువవలయునో విద్యార్థియే ఎన్నుకొను నేర్పాటు కలదు. కంప్యూటరుపై నమోదు తెరచిన వేళ మంచి పేరున్న అధ్యాపకుల తరగతులు త్వరగా నిండిపోవును. ఆలస్యము చేసినవాడు మిగిలినదానితో తృప్తిపడవలయును. ఇట్టి స్వేచ్ఛ సోమరికి ఉరి, శ్రద్ధావంతునకు వరము.

హాజరు విషయమున పెక్కు సంస్థలు నూటికి 75 పాలు ఉండవలయునని నిర్బంధించును. పిలానీ బిట్స్‌లోనో, హాజరు నిర్బంధము లేకుండుటయే ఆచారము. ఒకదానియందు తలుపు దగ్గర కావలి యున్నది. మరియొకదానియందు విద్యార్థి మనస్సే కావలి. ఎచ్చటనైనను పరీక్షనాడు వ్రాయవలసినవాడు విద్యార్థియే గదా!

భాష మరియొక చిక్కు. ఇచ్చట తెలుగున గాని తమిళమున గాని చదివి వచ్చినవారికి, ఆంగ్లమున గంటసేపు సాగు ఉపన్యాసము మొదటి నెలలో కొండవలె కనిపించును. ఇందులకు సిగ్గుపడి వెనుకబెంచీలో దాగుట మహాపరాధము. నాటి పాఠమును ఆ రాత్రియే మరల చదువుట, తెలియని మాటను పుస్తకమున వ్రాసికొనుట, తరగతి ముగిసిన పిదప అధ్యాపకుని సమీపించి అడుగుట అను మూడు అలవాట్లు చేసికొన్నవారికి సామాన్యముగా ఒక సెమిస్టరులో భయము తీరును.

వసతిగృహము

చదువునకంటె వసతిగృహమే విద్యార్థిని ఎక్కువగా మార్చును. మన యింట సంగటి, పులుసు తిని పెరిగిన బిడ్డ అచ్చట ఉత్తరదేశపు రొట్టెలు, కేరళపు కూరలు వడ్డించు భోజనశాలలో కూర్చుండును. గదిలో ఒక పంజాబీ, ఒక బెంగాలీ, ఒక గుంటూరువాడు తోడగుదురు. మొదటివారము వంటనుగూర్చియు, రెండవవారము దీపము ఎప్పుడార్పవలయునను విషయమునుగూర్చియు తగవులు వచ్చును. మూడవ నెలలో ఒకనికి జ్వరము వచ్చినచో మిగిలిన ముగ్గురును జాగరణ చేయుదురు. భారతదేశ భూగోళమును పుస్తకమున చదువుట వేరు, ఒకే గదిలో దానితో కాపురము చేయుట వేరు.

ఇంతటి మంచి చోటనే ఒక చీడ కూడ పెరిగినది. అది ‘ర్యాగింగు’. పైతరగతివారు కొత్తవారిని పరిచయము నెపమున అవమానించుటయు, హింసించుటయు దీని స్వరూపము. 1996 నవంబరులో అణ్ణామలై విశ్వవిద్యాలయ వైద్యకళాశాల ప్రథమవర్ష విద్యార్థి యొకడు, మద్రాసు విశ్వవిద్యాలయ వైస్‌ఛాన్సలరుగా పనిచేసిన పెద్దమనిషి కుమారుడు, పైతరగతి విద్యార్థిచే దారుణముగా హత్య గావింపబడెను. అపరాధికి పడిన శిక్ష మధ్యలో హైకోర్టున రద్దై, తుదకు 2011లో సుప్రీంకోర్టుచే యావజ్జీవముగా స్థిరపడెను. విశ్వవిద్యాలయమునే నడపిన తండ్రి సైతము తన బిడ్డను కాపాడుకొనలేకపోయెను గదా యని తలచినప్పుడు గుండె చెరువగును.

ఆ మరణము వృథా కాలేదు. 1997లో తమిళనాడు ప్రభుత్వము ర్యాగింగు నిషేధ చట్టము చేసెను. ఈ నేరమునకు రెండేండ్ల వరకు చెఱసాల, పదివేల రూపాయల వరకు జరిమానా, విద్యాలయమునుండి బహిష్కారము విధింపవచ్చును. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమును అదే సంవత్సరమున ఇట్టి చట్టము చేసెను. 2009లో యు.జి.సి. దేశమునకంతటికిని నియమముల నేర్పరచెను. వాని ప్రకారము చేరునప్పుడే విద్యార్థియు తల్లిదండ్రులును హామీపత్రము వ్రాసి యీయవలయును. 1800-180-5522 అను సంఖ్యకు రాత్రింబవళ్లు ఫిర్యాదు చేయవచ్చును. మన బిడ్డలు ఈ సంఖ్యను కంఠస్థము చేయుదురు గాక. అంతకంటె ముఖ్యముగా, తాము పైతరగతికి వచ్చిన నాడు ఆ పాపమున పాల్గొనకుందురు గాక.

ఉత్సవములు, సంఘములు

ప్రైవేటు విశ్వవిద్యాలయముల ప్రాస్పెక్టసులలో తప్పక కనిపించు చిత్రము విద్యార్థి యుత్సవము. పిలానీలో ‘ఒయాసిస్’ అను సాంస్కృతికోత్సవము 1971 నుండి జరుగుచున్నది. వేలూరులో ‘రివేరా’ అను కళోత్సవమును, ‘గ్రావిటాస్’ అను విజ్ఞానోత్సవమును జరుగుచున్నవి. దీపముల కాంతి, సంగీతపు హోరు చూచి ఇది యంతయు కాలహరణమని మనము తలంపవచ్చును. కాని ఒక యుత్సవమును నడపుటకు ధనమును సేకరించుట, లెక్క వ్రాయుట, వందలమంది అతిథులకు బస చూపుట, వేదికపై ఆలస్యము కాకుండ చూచుట మున్నగు పనులన్నియు విద్యార్థులే చేయుదురు. ఈ యనుభవము ఏ పాఠ్యగ్రంథమునను దొరకదు.

ఒక్క లోపము మాత్రము చెప్పక తప్పదు. 2006లో లింగ్డో సంఘము విద్యార్థి యెన్నికలకు నియమములను సూచింపగా సుప్రీంకోర్టు వానిని ఆమోదించెను. అభ్యర్థి వ్యయము ఐదువేల రూపాయలు మించరాదు. హాజరు నూటికి 75 పాలుండవలయును. అయినను ప్రైవేటు సంస్థలలో ఎన్నికలు అరుదు; ప్రతినిధులను యాజమాన్యము నియమించుటయే తరచుగా కనిపించును. అచ్చట కొట్లాటలు లేకుండుట మేలే. కాని ఫీజు పెరిగిననాడు, భోజనము చెడిననాడు విద్యార్థుల పక్షమున నిర్భయముగా మాటలాడువా డెవడు? ఉత్సవము నడపుటకు తగినవారిని, తమ కష్టమును తాము చెప్పుకొనుటకు తగనివారిగా చూచుట న్యాయము కాదు.

మాతృభాష మాట

ఇంతవరకు చెప్పినది ఎల్లవారికిని వర్తించును. ఇక మనకే ప్రత్యేకమైన సంగతి యొకటి కలదు. మన ప్రాంతమునుండి పోయిన తెలుగు విద్యార్థి వేలూరు వంటి చోట రెండు గుంపుల నడుమ నిలుచును. తమిళ విద్యార్థులు వానిని తెలుగువాడందురు. ఆంధ్రమునుండి వచ్చినవారు, తమిళ కన్నడములు కలిసిన వాని మాటతీరును విని, తమిళుడందురు. కొందరు నవ్వుదురు. ఆ నవ్వునకు భయపడి బిడ్డ తెలుగు మాటలాడుట మానివేయును. లేదా ఇంటి మాటను విడిచి సినిమా తెలుగును అనుకరించును. రెండును నష్టమే.

మన మాట తప్పు మాట కాదు. శతాబ్దములుగా ఈ నేలపై నిలిచిన తెలుగు అది. పెద్దలు పలికిన పాతమాటలు అందు ఇంకను సజీవముగా నున్నవి. దానికి లోటున్నచో అది పలుకుటలో గాక, వ్రాయుటలోను చదువుటలోను ఉన్నది. 2006లో తమిళనాడు తమిళ విద్యాచట్టము వచ్చిన పిదప ఒక్కొక్క తరగతిగా తమిళము నిర్బంధ ప్రథమభాష యయ్యెను. తమిళము నేర్చుట మనకు మేలే. ఈ నేలపై బ్రతుకువారికి అది అవసరము. కాని తెలుగు లిపి యెరుగని తెలుగు బిడ్డలు పెరుగుచున్నారు. వారు విశ్వవిద్యాలయమునకు పోయిన నాడు, వారి నోట నున్న భాషకు చేతిలో ఆధార మేమియు నుండదు.

రాజ్యాంగము 30వ అధికరణము భాషాల్పసంఖ్యాకులకు తమ విద్యాసంస్థలను స్థాపించి నడుపుకొను హక్కు నొసగినది. ఎవరు అల్పసంఖ్యాకులో రాష్ట్రమును బట్టి నిర్ణయింపవలయునని 2002లో టి. ఎం. ఏ. పై వ్యాజ్యమున సుప్రీంకోర్టు తేల్చెను. మన సంఘమువంటి వాని పాఠశాలలకు ఆ హక్కే పునాది. అట్టి పాఠశాలలో నేర్చిన నాలుగక్షరములు విశ్వవిద్యాలయమునకు తీసికొనిపోవలసిన మొదటి సామాను. తెలుగునే ఉన్నతవిద్యగా అభ్యసింప గోరువారికి మద్రాసు, మదురై కామరాజ విశ్వవిద్యాలయములలో తెలుగు శాఖలు కలవు. మన పొరుగున కుప్పమునందు 1997లో స్థాపింపబడిన ద్రావిడ విశ్వవిద్యాలయము కలదు. ఇవి ప్రైవేటువి కావు, ఫీజులును స్వల్పము.

చేరుటకు ముందు చూడవలసినవి

ఆ తండ్రికి నేను పిదప చెప్పిన మాటలను ఇచ్చట సంగ్రహముగా తెలుపుచున్నాను.

మొదటిది: సంస్థ పేరు యు.జి.సి. ప్రకటించిన పట్టికలో ఉన్నదో లేదో చూడవలయును. నకిలీ విశ్వవిద్యాలయముల పట్టికను గూడ ఆ సంఘమే ప్రకటించుచుండును. బెంగుళూరున 1994లో నెలకొన్న న్యాక్ సంస్థ ఇచ్చిన శ్రేణిని అడిగి తెలిసికొనవలయును.

రెండవది: ఫీజు అనగా బోధన ఫీజు మాత్రమే కాదు. వసతి, భోజనము, పరీక్ష, ప్రయాణము కలిపి నాలుగేండ్లకు లెక్క కట్టవలయును. ఒకే తరగతికి ప్రవేశపరీక్షలోని స్థానమును బట్టి వేర్వేరు ఫీజులుండు సంస్థలును కలవు. బిడ్డకు వచ్చినది ఏ వర్గమో స్పష్టముగా తెలిసికొనవలయును.

మూడవది: పొలము అమ్ముటకు ముందు బ్యాంకును అడుగవలయును. నాలుగు లక్షల రూపాయల వరకు విద్యారుణమునకు ఆస్తి హామీ లేకుండుట బ్యాంకుల మాదిరి పథకమునందే కలదు. అంతకు మించిన రుణములకును కేంద్రప్రభుత్వ పథకములు కలవు. 2024లో ‘ప్రధానమంత్రి విద్యాలక్ష్మి’ యను పథకము మంజూరైనది.

నాలుగవది: చేరిన పిదప మనసు మారినచో భయపడనక్కరలేదు. విద్యార్థుల అసలు సర్టిఫికెట్లను సంస్థలు తమవద్ద నుంచుకొనరాదనియు, నిర్ణీత గడువులో మానుకొన్నవారికి ఫీజును తిరిగి యీయవలయుననియు 2018లో యు.జి.సి. ఆజ్ఞాపించియున్నది.

ఐదవది: భవనములను గాక విద్యార్థులను చూడవలయును. సెలవు కాని దినమున పోయి, గ్రంథాలయమున ఎందరు కూర్చున్నారో, భోజనశాలలో పిల్లలు ఏమి మాటలాడుకొనుచున్నారో, మనవైపునుండి పోయి చదువుచున్న వారు ఏమందురో వినవలయును. ప్రాస్పెక్టసు చెప్పనిది వారు చెప్పుదురు.

ఆ తండ్రి ఈ విధముగనే చేసెను. తాను మొదట తెచ్చిన ప్రాస్పెక్టసును విడిచి, వేరొక సంస్థను చూచి, బ్యాంకు రుణముతో బిడ్డను చేర్చెను. మామిడితోపు ఇంకను వారిదే. ఆ బాలిక సంక్రాంతి సెలవులకు వచ్చినప్పుడు మా యింటికి వచ్చి, “అయ్యవారూ, మా గదిలో గుంటూరు అమ్మాయి తెలుగు పుస్తకాలు చదువుతుంది. నేను చదవడానికి కూడబలుక్కోవాల్సి వచ్చింది. ఇక్కడున్నప్పుడు మీరు చెప్పినా వినలేదు. ఇప్పుడు ఆ అమ్మాయి దగ్గరే నేర్చుకుంటా ఉన్నాను” అని చెప్పెను.

ఆ మాట వినినప్పుడు నాకు సంతోషమును, కొంత సిగ్గును కలిగినవి. ఇచ్చట మనము నేర్పవలసినదానిని పరాయిచోట ఒక స్నేహితురాలు నేర్పుచున్నది. ఈ సంచికను చదువుచున్న చిన్నారులారా! మీలో కొందరు రేపు ఆ పెద్ద ప్రాంగణములలో అడుగు పెట్టుదురు. అచ్చట మీరు ఆంగ్లమున చదువుదురు, తమిళమున స్నేహము చేయుదురు, ఇంటికి తెలుగున జాబు వ్రాయుదురు గాక. మూడును మీవే. వానిలో మూడవది మాత్రము ఇచ్చట, ఈ పాఠశాల బల్లపై, ఈనాడే నేర్వవలసియున్నది.